సాలవనం కింది మట్టి

తొలకరి నాలుగు జల్లులు కురిసి, ఆ వెనక రెండు రోజులు ఉక్కపోసిందంటే రాయపూర్ కూరగాయల బజార్లలోకి పుటూ దిగిపోతుంది. గోలీకాయంత ఉంటుంది. ముదురు గోధుమరంగు తొక్క, తొక్కకు అంటుకున్న మట్టి. కోర్బా, సర్గుజా వైపు పుటూ అంటారు, బస్తర్ వాళ్లకు అదే బోడా. బేరమాడితే అమ్మే ఆవిడ ఒకదాన్ని బొటనవేలి గోటితో చిట్లగొట్టి చూపిస్తుంది. లోపల తెల్లగా ఉంటే లేతది, నల్లబడితే ముదిరిపోయింది. కిలో వెయ్యి రూపాయలు దాటడం ఇక్కడ వింతేం కాదు. సీజన్ మొదట్లో మేకమాంసం కన్నా ప్రియం. ఇంటికి తెచ్చి ఏడెనిమిది సార్లు నీళ్లు మార్చి కడిగినా, పంటికింద ఇసుక పలుకు ఒకటి కరుక్కుమనకుండా ఆ కూర తిన్నట్టు కాదు.

ఆ ఇసుక పలుకు ఏ నేలదో, ఆ నేలకు పట్టిన గతి గురించే ఈ కథ.

పుటూ పొలంలో పండేది కాదు. సాలవృక్షం వేళ్లను పట్టుకుని బతికే ఒక శిలీంధ్రం కాసిన కాయ అది. నేల పైపొర జానెడు మందంలో ఆ శిలీంధ్రపు పోగులు, చెట్టు వేళ్లు దూరలేని సందుల్లోకి కూడా దూరి తడినీ భాస్వరాన్నీ లాక్కొచ్చి చెట్టుకు అందిస్తాయి. బదులుగా ఆకులు వండిన చక్కెరలో వాటా పుచ్చుకుంటాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు సాగాలంటే మట్టిలో ఖాళీ ఉండాలి. గాలి ఆడాలి, నీరు దిగాలి. సాలవనం నేలకున్న ఆస్తి అంతా ఆ ఖాళీలోనే ఉంది.

మన తెలుగునాట కోట కూలితే కథ కడతారు. రాయపూర్ స్టేషన్లో విజయనగరం వైపు పోయే బండెక్కితే తిన్నగా బొబ్బిలిలో దిగొచ్చు. 1757లో కూలిన ఆ కోట గురించి ఇవాళ్టికీ పాడుకుంటాం, తాండ్ర పాపారాయుడి పేరు వింటే ఇవాళ్టికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. హస్‌దేవ్ అరణ్యంలో కూలినది ఆ కోట కన్నా ఎంతో పాతది. దాని మీద పాట కట్టిన జంగం ఎవరూ లేరు. చెట్టు పడితే ఊరంతా వినపడుతుంది. మట్టి బిగుసుకుంటే పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు.

హస్‌దేవ్ అరణ్యం రాయపూర్‌కు ఉత్తరాన కోర్బా, సర్గుజా, సూరజ్‌పూర్ జిల్లాల్లో పరుచుకుని ఉంటుంది. సుమారు 1,70,000 హెక్టార్లు. ఏనుగులు తిరిగే అడవి. గోండులు, ఇతర ఆదివాసులు ఇప్పపువ్వు, తునికాకు, సారపప్పు, సాల గింజలు ఏరుకుని ఏడాది వెళ్లదీసే అడవి. దాని గుండా పారే హస్‌దేవ్ మహానదికి ఉపనది. ఆ నది మీద మినీమాతా బాంగో ఆనకట్ట ఉంది. జాంజ్‌గీర్-చాంపా వరిపొలాలు తడిసేది ఆ నీటితోనే, కోర్బా కరెంటు కేంద్రాల దాహం తీరేదీ ఆ నదితోనే. రాయపూర్ కుళాయిల్లోకి వచ్చేది మాత్రం ఆ నీరు కాదు. మాది ఖారున్ నీరు, వెనక నుంచి గంగ్రేల్ జలాశయం తోడు. అందుకేనేమో హస్‌దేవ్ బాధ ఈ నగరానికి పేపర్లో కనిపిస్తుంది తప్ప గొంతులో తగలదు.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో రైతు తన నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు. మెట్ట మీది గరపనేల భాటా. కాస్త పసుపు తిరిగి తేలిగ్గా ఉండేది మటాసీ. దాని కింద డోర్సా. పల్లంలోని నల్లరేగడి కన్హార్. ఈ నాలుగింట్లో కన్హార్‌ది ప్రత్యేకమైన జాతకం. ఎంత తొక్కినా, ఎంత అణచినా ఎండాకాలం వచ్చేసరికి నెర్రెలు విచ్చుకుని, వానల్లో ఉబ్బి, తనను తానే దున్నుకుంటుంది. చలిదేశాల్లో నేలకు ఇంకో ఉపాయముంది. మట్టిలోని నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టే క్రమంలో బిగుసుకున్న నేల కొంత వదులవుతుంది. హస్‌దేవ్ నేలకు ఈ రెండు అదృష్టాలూ లేవు. గోండ్వానా కాలపు ఇసుకరాయి అరిగి తయారైన ఎర్ర-పసుపు ఇసుకమన్ను అది. నెర్రె విచ్చేంత జిగట దానిలో లేదు, మట్టిలో నీరు గడ్డకట్టేంత చలి అక్కడ లేదు. ఒకసారి అణిగితే దానంతట అది లేవదు.

అలాంటి పేద మట్టి సాలవనం నీడన చేరి మహారాజులా బతికింది. పెనం మీద పొంగిన దిబ్బరొట్టెను విరిచి చూడండి, లోపలంతా గదులు గదులుగా ఉంటుంది. మంచి సాలవనం పైమట్టి అలా ఉంటుంది, సగానికి సగం ఖాళీ. ఘన సెంటీమీటరు మట్టిని ఎండబెట్టి తూస్తే గ్రాముకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. ఆ గదులు కట్టినవాళ్లు ఒకరా ఇద్దరా! వానపాములు, చెదలు, కుళ్లి గొట్టాల్లా మిగిలిన పాత వేళ్లు, ఏటా రాలే ఆకు. ఏడాదికి 1,300 మిల్లీమీటర్లకు పైబడి, అదీ నాలుగు నెలల్లోనే కురిసే చోట, వాన ముందు ఆకు మీద పడి, అక్కడి నుంచి రాలిన ఆకు మీద పడి, మెల్లగా ఆ గదుల్లోకి దిగిపోయేది. వాగు బురదగా కాకుండా తేటగా పారేది.

సాల చెట్టు పెరిగే తీరు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ పతనం ఎంత లోతైనదో అర్థం కాదు. సాల గింజ జూన్‌లో, సరిగ్గా తొలకరి వేళకు రెక్కలు తిప్పుకుంటూ రాలుతుంది. రాలాక దాని ఆయుష్షు వారం, మహా అయితే పది రోజులు. ఆలోపు తడి, మెత్తని మన్ను తగలాలి. తగిలి మొలిచిందా, అప్పుడైనా మొక్క నేరుగా పైకి లేవదు. ఏటా ఎండాకాలం పైభాగం ఎండి చచ్చిపోతుంది, వానల్లో మళ్లీ చిగురేస్తుంది. ఏళ్ల తరబడి ఇదే తంతు. చూసేవాళ్లకు చచ్చిన మొక్క, కిందేమో తల్లివేరు లోతుకు, ఇంకా లోతుకు దిగుతూ లావెక్కుతూ ఉంటుంది. తనకు చాలినంత బలం కూడాక ఒక్క ఏడాదిలో జువ్వున పైకి లేస్తుంది. ఇన్నేళ్ల ఓపికను దాచిపెట్టేది మట్టే. ఆ మట్టిని ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాముల దాకా బిగించారనుకోండి, వేరు మొన ముందుకు దిగలేక పక్కకు తిరుగుతుంది. పై ఏడాది ఎండకు పైభాగం చచ్చినప్పుడు, మళ్లీ లేపడానికి కింద ఏమీ ఉండదు.

గొడ్డలి కాలంలో అడవి సుఖపడిందని నేను అనను. 1900లో రాయపూర్ నుంచి ధమ్తరీకి చిన్న రైలు వచ్చింది. ఆ తరువాత సిహావా సాలవనాల్లోకి దుంగలు లాగే ట్రామ్ దారి వేశారు. మహానది పుట్టేది ఆ సిహావా కొండల్లోనే. బెంగాల్ నాగపూర్ రైల్వేకు స్లీపర్లు కావాలి, స్లీపరంటే సాలే. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక ఆ పట్టాల వెంట మనవాళ్లు కూడా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీలో నాకు తెలిసిన బాబాయిగారు ఒకాయన, వేగన్ రిపేరు షాపులో రిటైరైన పార్వతీపురం మనిషి, సాల స్లీపర్ల కాలం చివర్ని చూసినవాడు. "మేకు దిగేది కాదయ్యా. ముందు బెజ్జం పెట్టాలి. బెజ్జం లేకుండా కొట్టావా, మేకే వంగేది," అంటారు.

"చెట్లు అన్ని కొట్టినా అడవి మళ్లీ ఎలా లేచింది బాబాయ్?" అని అడిగితే ఆయన చెయ్యి విసిరారు. "మొదలు ఉంది కదా! కొట్టింది మొండెం. మొదలు జోలికి ఎవడెళ్లాడు?"

ఆ మాటలోనే అంతా ఉంది. సాల మొద్దు నుంచి పిలకలు వేస్తుంది. రంపపు కోత కూలీలు చాలాచోట్ల చెట్టు పడిన చోటే దాన్ని స్లీపర్లుగా కోసేవారు. దుంగలైతే దున్నపోతులు లాగేవి, ఎడ్లబండి మోసేది. బండిచక్రం కూడా నేలను కోస్తుంది, కానీ బండికి దారి ఒక్కటే. దున్న డెక్క పడని చోట నేల నేలలాగే మిగిలింది. దొరలు కొట్టిన చెట్ల లెక్క తీస్తే గుండె చెరువవుతుంది. అయినా వాళ్లు దోచింది పంట. తరువాత వచ్చింది మడినే ఎత్తుకుపోయింది.

హస్‌దేవ్ పతనం ఒక్కరోజులో జరగలేదు. కథల్లో రాజుకు ఉరి తప్పినట్టే తప్పి మళ్లీ పడుతుంది చూశారా, అచ్చం అలాగే నడిచింది. 2010 ప్రాంతంలో కేంద్ర పర్యావరణ శాఖా, బొగ్గు శాఖా కలిసి చేసిన పరిశీలనలో ఈ అడవి కింది బొగ్గు క్షేత్రం మొత్తాన్ని గనులకు తగని ప్రాంతంగా, 'నో-గో'గా లెక్కగట్టారు. ఏడాది తిరిగేసరికి 2011 జూన్‌లో అటవీ సలహా సంఘం వద్దన్నా, అప్పటి మంత్రి జైరాం రమేశ్ పార్సా ఈస్ట్-కంతా బాసన్ గనికి తొలి అనుమతి ఇచ్చేశారు. గని రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థది, తవ్వి నడిపే పని అదానీ సంస్థది. 2013లో తవ్వకం మొదలైంది. 2014 మార్చి 24న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అటవీ అనుమతిని కొట్టేసింది. ఊపిరి పీల్చుకునేలోపే, నెల దాటగానే, పని ఆపాలన్న ఆదేశం మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. గని ఆగలేదు. ఘాట్‌బర్రా గ్రామానికి 2013లో ఇచ్చిన సామూహిక అటవీ హక్కు పట్టాను 2016 జనవరిలో రద్దు చేశారు.

ఇక రాయపూర్ వంతు. 2021 అక్టోబరు 4న హస్‌దేవ్‌లోని ఫతేపూర్ నుంచి మూడు వందల మందికి పైగా ఊళ్లవాళ్లు కాలినడకన బయల్దేరి, సుమారు 300 కిలోమీటర్లు నడిచి 13న ఈ నగరం చేరారు. మరుసటి రోజు గవర్నర్ అనసూయా ఉయికేను కలిశారు, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌నూ కలిశారు. గనికి ఒప్పుకున్నట్టు చూపిన గ్రామసభ తీర్మానాలు నకిలీవని, విచారణ జరపాలని అడిగారు. విన్నారు, మర్యాద చేశారు, పంపించారు. వాళ్లు ఊళ్లకు చేరి కాళ్ల బొబ్బలు మానకముందే, అక్టోబరు 21న, మొదటి గని పక్కనే ఉన్న పార్సా గనికి కేంద్రం తుది అటవీ అనుమతి ఇచ్చింది.

2022 మార్చి 2న హరిహర్‌పూర్‌లో నిరసన దీక్ష మొదలైంది. అదే నెల 25న రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లాట్ బొగ్గు కోసం రాయపూర్ వచ్చి బఘేల్‌ను కలిశారు. ఆ రోజే పాత గని రెండో దశకు, 1,136 హెక్టార్లకు, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి వెలువడింది. ఇద్దరిదీ ఒకే పార్టీ. ఆ పార్టీ నాయకుడు రాహుల్ గాంధీ 2015లో ఇదే అడవిలోని మదన్‌పూర్‌కు వచ్చి ఊళ్లవాళ్లకు అండగా ఉంటానన్నవాడే. జులై 26న ఛత్తీస్‌గఢ్ శాసనసభ హస్‌దేవ్ బొగ్గు బ్లాకులన్నీ రద్దు చేయమని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవంగా! రెండు నెలలకు, సెప్టెంబరు చివరి వారంలో, రెండో దశలో 43 హెక్టార్లలో రంపాలు దిగాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన వారానికే పోలీసు పహరాలో 91 హెక్టార్లు నరికారు. 2024 ఆగస్టులో 74 హెక్టార్లు. అక్టోబరులో పార్సా, అక్కడ లాఠీలు, విల్లంబులు, గాయాలు. ఆ మధ్యలోనే ఉద్యమకారుడు ఆలోక్ శుక్లాకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది, రంపాలు ఆగలేదు.

ఈ పుష్కరం పైబడిన కాలంలో రెండు పక్షాలూ లెక్కపెట్టింది చెట్లనే. డిసెంబరు నరికివేతలో 15,000 అని ప్రభుత్వం, కాదు దానికి రెట్టింపు అని ఉద్యమకారులు. నేను ఉద్యమకారుల వైపు మనిషినే, అయినా నాకు ఆ తగాదా ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది. చెట్టును దాని మొద్దు చూసి లెక్కపెట్టొచ్చు. చెట్ల మధ్య జాగాలో యంత్రం ఎన్నిసార్లు తిరిగిందో, ఎంత లోతుకు నొక్కిందో ఎవరు లెక్కపెట్టారు?

నరికివేత అంటే రంపం ఒక్కటే కాదు. చైన్సా చెట్టును పడేస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఆ వెనక జేసీబీ వస్తుంది, ఏడెనిమిది టన్నులు. ప్రొక్లెయిన్ వస్తుంది, ఇరవై టన్నులు. దుంగలెత్తే హైడ్రా, మోసే ట్రాక్టర్లు, లారీలు. అవి ఒకచోట నిలబడి పనిచేసేవి కావు. పడిన ప్రతి చెట్టు దగ్గరికీ పోవాలి, తిరగాలి, వెనక్కి రావాలి. నేల బిగుసుకోవడం గురించి ప్రపంచమంతా చేసిన పరిశోధనల్లో ఒక విషయం మళ్లీ మళ్లీ తేలింది: నష్టంలో పెద్ద భాగం మొదటి కొన్ని తిరుగుళ్లలోనే జరిగిపోతుంది. పదిసార్లు తిరిగిన చోటికీ, నాలుగుసార్లు తిరిగిన చోటికీ అంత తేడా ఉండదు. కాబట్టి బరువు కన్నా ఎక్కువ హాని చేసేది విచ్చలవిడితనం. తడినేల మీద తిరిగితే ఇక చెప్పనక్కరలేదు. అమెరికా అటవీశాఖ 1989లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక నేల పరీక్షల్లో, కావాలని నొక్కిన మడులను పదేళ్ల తరువాత కొలిచి చూస్తే చాలాచోట్ల కోలుకోవడం నత్తనడకే. జర్మనీ అడవుల్లో ఇందుకే 20 మీటర్లకో 40 మీటర్లకో ఒక బాట ముందే గీస్తారు. యంత్రం ఏదైనా ఆ బాట దిగకూడదు. ఆ బాటను వాళ్లు నేలకు పెట్టిన బలి అనుకుంటారు, మిగతాది దక్కించుకోవడానికి.

హైదరాబాద్ పాఠకులకు ఈ యంత్రాల చప్పుడు కొత్త కాదు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో సెలవు రోజులు చూసుకుని రాత్రింబవళ్లు వరుసకట్టి తిరిగిన జేసీబీలను దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అక్కడా వాదన చెట్లెన్ని, జింకలెన్ని, నెమళ్లెన్ని అన్న దగ్గరే తిరిగింది. కోర్టు ఆపింది నరకడాన్ని. అప్పటికే గొలుసుల కింద నలిగిన నేలకు ఆపడమంటూ ఏముంటుంది?

యంత్రం పోయిన చోట నేలకు ఏమైందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పాలపొడి డబ్బా రెండు వైపులా మూతలు కోసేసి, నేలలో రెండు వేళ్ల లోతు దిగ్గొట్టి, చెంబెడు నీళ్లు పోయండి. నీడలో, ఆకు కింద, ఎవరూ తొక్కని చోట పోస్తే చూస్తుండగానే గుటుక్కున మింగేస్తుంది. పది అడుగుల అవతల టైరు గాడిలో పోయండి. నీరు అలాగే నిలబడుతుంది, కాసేపటికి పైన సన్నటి బురద తెట్టు కడుతుంది. గాడి గోడను వేలితో తడిమితే ఇటుక బట్టీలో అచ్చు తీసినంత నున్నగా తగులుతుంది. నాలుగు వానలు పడ్డాక అదే గాడి అడుగున మట్టి బూడిద-నీలం రంగుకు తిరిగి మురుగు వాసన కొడుతుంది. గాలి ఆడక కింది జీవాలు చచ్చాయన్న మాట. పుటూ శిలీంధ్రానికీ కావలసింది గాలే.

నేల మింగలేని నీరు ఊరుకోదు. దానికి టైరు గాడి రూపంలో పల్లానికి దారి ఇదివరకే తీసిపెట్టి ఉంది. పైన ఆకుల గొడుగు లేదు కాబట్టి చినుకు నేరుగా నేలను గుచ్చుతుంది, గుచ్చిన చోట నలుసులు లేస్తాయి. మొదట కొట్టుకుపోయేది నల్లని పైపొర, వందల ఏళ్ల ఆకుకుళ్లు. తరువాత బంకమన్ను. చివరికి మిగిలేది ఇసుకా, గులకరాళ్లూ. మొదటి ఏడాది వేలెడు కాలువ, రెండో ఏడాది మూరెడు, ఆపైన గండి. ఆ మన్ను వాగులో పడుతుంది, వాగు నదిలో, నది బాంగో జలాశయంలో.

గని విషయంలో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. ఎలాగూ తవ్వేసే చోట నేల బిగుసుకుంటేనేం, కొట్టుకుపోతేనేం? నిజమే, గుంటపడే చోట ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ గని అంటే గుంట ఒక్కటే కాదని సింగరేణి ఊళ్లవాళ్లకు వేరే చెప్పాలా! ఓపెన్‌కాస్ట్ చుట్టూ డంపర్ల రోడ్లు, ఓబీ (బొగ్గు పైనుంచి తీసిన మట్టీ రాళ్లూ) గుట్టలు, కన్వేయర్ దారి, స్టాకు యార్డు. ఇవన్నీ అడవి అంచును ఏటా కొంచెం కొంచెం తొక్కుతూ పోతాయి. పైగా అనుమతి పత్రాల్లో ఒక షరతు ఉంటుంది: పైమట్టిని విడిగా తీసి, భద్రపరిచి, గుంట పూడ్చాక మళ్లీ పైన పరచాలి. చదవడానికి ఎంతో బాగుంటుంది. పైమట్టిని ప్రొక్లెయిన్‌తో గోకి, టిప్పర్లో పోసి, గుట్టగా పోస్తారు. ఆ గుట్ట లోపల గాలి ఆడదు, వేరు లేదు, చెట్టు ఇచ్చే చక్కెర లేదు. ఏళ్ల తరబడి అలా పడున్నాక, వేళ్లను నమ్ముకుని బతికిన శిలీంధ్రాల్లో చాలా భాగం చచ్చిపోతుంది. ఆపైన గుంటను ఓబీతో పూడ్చి, చదును చేయడానికి పదుల టన్నుల డంపర్లూ డోజర్లూ దాని మీద తిరుగుతాయి. పూడ్చిన గనుల మీద చెట్టు ఎందుకు సరిగ్గా ఎదగదని అడిగితే, ఎక్కడి నిపుణులైనా ముందు చెప్పే కారణాల్లో ఒకటి ఇదే, ఆ బిగువు. అడుగున్నర గుంత తీసి మొక్క నాటితే వేళ్లు ఆ గుంత గోడలకే గుండ్రంగా చుట్టుకుంటాయి. నాలుగేళ్లు పచ్చగా ఉంటుంది, ఫొటోకు బాగా వస్తుంది.

2024 జులైలో కేంద్ర మంత్రి భూపేందర్ యాదవ్ రాజ్యసభలో లెక్క చెప్పారు. పార్సా ఈస్ట్-కంతా బాసన్ గనిలో అప్పటిదాకా నరికింది 94,460 చెట్లు. రానున్న ఏళ్లలో నరకాల్సింది 2,73,757. బదులుగా నాటడం, గని పూడ్చిన చోట పెంచడం, పెద్ద చెట్లను పెకలించి మార్చడం అన్నీ కలిపి 53,40,586. వాటిలో బతికినవి 40,93,395. ఆఖరి అంకె దాకా, ఒక్కటి కూడా గుండ్రం చేయకుండా. గని నిర్వాహకులు సాల మొక్కలను కూడా నాటామంటున్నారు. నాటారు కాదనను. బతికాయంటే సంతోషమే. కానీ సాల ఏళ్ల తరబడి నేల కింద ఏం చేస్తుందో పైన చెప్పుకున్నాం. పైకి కనిపించే మొక్కను బతికిన పద్దులో రాస్తారు. నేల కిందికి దిగలేకపోయిన వేరుకు పద్దు లేదు. ఇదంతా బాబాయిగారికి చదివి వినిపిస్తే కళ్లద్దాలు తీసి, "నలభై లక్షలు లెక్కెట్టినవాళ్లు ఒక్క పార పట్టుకుని తవ్వి చూడలేదా?" అన్నారు.

పార్సా తరువాత వరుసలో ఉన్నది కేతే ఎక్స్‌టెన్షన్ బొగ్గు బ్లాకు. దానికి అడిగిన అటవీ భూమి 1,700 హెక్టార్లకు పైనే, బ్లాకు దాదాపు మొత్తం అడవే. అటవీ భూమి కోరుతూ పెట్టే దరఖాస్తులో రెండో భాగాన్ని జిల్లా అటవీ అధికారి నింపాలి. చెట్లను జాతివారీగా, చుట్టుకొలతవారీగా లెక్కగట్టే పట్టిక అందులో ఉంటుంది, దానికి పేజీలకు పేజీలు పడతాయి. ఆ పట్టిక తరువాతి అంశం ఒక్కటే వాక్యం: ఈ అటవీ ప్రాంతం నేలకోతకు ఎంతవరకు గురవుతుందో క్లుప్తంగా రాయండి. క్లుప్తంగా అని అచ్చులోనే ఉంటుంది.